నివురుగప్పిన విద్యుత్తు



గడచిన వేసవి సెలవులలో మా పెద్దమ్మాయి కుమారుడు మా యింటికి వచ్చి, తనతో దెచ్చిన కంప్యూటరు పెట్టెను వసారాలో బల్లపై నుంచి, దాని ప్రక్కరేకును విప్ప మొదలిడెను. డిగ్రీ చదువుచున్న కుఱ్ఱవాడు, చేతిపనియందు నేర్పరి. లోపల జ్ఞాపకశక్తిని బెంచు నొక పలకను, వారు దానిని ర్యామ్ అందురు, అదనముగా నమర్పవలెనట. పత్రిక చదువుకొనుచున్న నేను వానివైపు చూడగా, విప్పిన పెట్టె లోపల నొక చిన్న ఆకుపచ్చని దీపము మినుకుమనుచుండెను.

"ఏమిరా, కరెంటు ఆపలేదా?" అంటిని.

"ఆపేశాను తాతయ్యా, బొత్తాం నొక్కానుగా!"

"ఆపితే ఆ దీపం ఎట్లా వెలుగుతోందిరా?"

వాడు చేయి వెనుకకు దీసికొనెను. వాని యొద్ద సమాధానము లేదు. నిజము చెప్పవలెనన్న నా యొద్దను లేదు. ముప్పది యేండ్లు బడిపిల్లలకు జెప్పినవాడను గదా, ప్రశ్న మనస్సున నాటుకొనినచో నిద్రపట్టదు. నాటినుండి దొరకిన పుస్తకములను దిరుగవేసి నేను దెలిసికొనిన చరిత్రమును నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన భాషయందు దీపము 'ఆఱినది' అనుటకు నోరు రాక 'కొండెక్కినది' అందుము. అంతటి సూక్ష్మమైన పలుకుబడి గల మనము, కరెంటు విషయమున మాత్రము 'తీసితిమి', 'ఆపితిమి', 'కట్టితిమి' అని యన్నిటిని నొకే యర్థమున వాడుచున్నాము. కాని మీట నొక్కుట వేఱు, తీగ తెగుట వేఱు, లోన నిలిచియున్నది ఖాళీయగుట వేఱు. ఈ మూడును వేఱువేఱని మానవుడు దెబ్బలు తిని, ప్రాణములు పోగొట్టుకొని నేర్చుకొనెను. ఆ పాఠము 1745వ సంవత్సరమున ఆరంభమైనది.

దానికి బూర్వము విద్యుత్తు నెవరును ఎఱుగరా యనిన, కొంత యెఱుగుదురు. గడ్డిపరకను దనవైపు లాగుకొను మణి యొకటి గలదని మన వైశేషికులకు దెలియును. మణి కదలుట, సూది అయస్కాంతమువైపు జరుగుట మున్నగువానికి గారణము అదృష్టమని కణాదుని సూత్రము. అదృష్టమనగా నిచ్చట కంటికి గానరాని హేతువని యర్థము. లాటరీ అదృష్టము కాదు. గ్రీకులు ఆ మణిని ఎలక్ట్రాన్ అనిరి. 1600లో ఇంగ్లండునందు విలియం గిల్బర్టు అను వైద్యుడు ఆ పేరునుండియే ఈ శక్తికి బేరు పెట్టెను. 1729లో స్టీఫెన్ గ్రే అను నతడు కొన్ని వస్తువులు దీనిని బోనిచ్చుననియు, కొన్ని పోనీయవనియు గనిపెట్టెను. అంతవఱకు విద్యుత్తన వచ్చి పోవు చుట్టమే. రాచినప్పుడు పుట్టును, ముట్టినప్పుడు పోవును. దానిని నిలువచేయవచ్చునని యెవరికిని దోచలేదు.

1745 అక్టోబరులో పొమెరేనియా దేశమునందలి కామిన్ పట్టణమున, చర్చి యధికారియైన ఎవాల్డ్ గేయోర్గ్ ఫాన్ క్లైస్ట్ అను నతడు ఒక మందుసీసాలో మేకు నుంచి, దానికి రాపిడియంత్రమునుండి విద్యుత్తు నెక్కించెను. తరువాత సీసాను యంత్రమునుండి వేఱుచేసి, ఒక చేత బట్టుకొని, రెండవ చేతితో మేకును దాకెను. భుజములవఱకు చేతులు అదరిపోయెనట. మఱికొన్ని నెలలకు, 1746 ఆరంభమున, హాలండు దేశమునందలి లైడెన్ నగరములో ముషెన్‌బ్రూక్ అను ఆచార్యుని ప్రయోగశాలయందు నిదే సంభవించెను. అచ్చట మొదట దెబ్బతినినవాడు వేడుక చూడవచ్చిన కునేయస్ అను న్యాయవాది. పిదప ఆచార్యుడును తిని, ఫ్రాన్సు రాజ్యమంతయు నిచ్చినను మరల నా దెబ్బ తిననని తన మిత్రునికి జాబు వ్రాసెను. దానికి లైడెన్ జాడీ యని పేరు వచ్చినది.

ఇందలి విశేషము దెబ్బ గాదు; యంత్రమునుండి వేఱుచేసిన పిమ్మటగూడ సీసాలో శక్తి నిలిచియుండుట. మేడమీదికి గొనిపోయినను, ప్రక్కయింటికి గొనిపోయినను, గంటలు గడచినను అది యట్లే యుండెను. గాజునకు లోపల నొక లోహపు పొర, వెలుపల నొక లోహపు పొర, నడుమ గాజు. శక్తి నీటియందును మేకునందును గాక గాజునందే నిలుచునని తరువాత ఫ్రాంక్లిన్ నిరూపించెను. చూచుటకు సామాన్యపు సీసా. దీపము లేదు, చప్పుడు లేదు, వేడి లేదు. మన పెద్దలు నివురుగప్పిన నిప్పు అందురే, అదియే యిది. పొయ్యిలో బూడిద పైకి చల్లగా గానవచ్చును, చేయి పెట్టినగాని తెలియదు. పొయ్యియైన దగ్గఱకు బోగా కొంచెము వెచ్చదనము తగులును. సీసాకు అదియును లేదు.

జనులు దీనిని మొదట వేడుకగా దలచిరి. ఫ్రాన్సు దేశమున నోలే అను మతాచార్యుడు రాజు పదునైదవ లూయీ సమక్షమున 180 మంది భటులను చేయి చేయి పట్టించి నిలువబెట్టి, జాడీని ముట్టింపగా అందఱును ఒక్కమాఱు ఎగిరిపడిరి. పారిసు మఠమునందలి సన్న్యాసులను సుమారు 200 మందిని గూడ నిట్లే యెగిరించెను. సన్న్యాసము స్వీకరించినవారికి నీ వేడుక యేల యని నా సందేహము.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ యింతకన్న ముఖ్యము. ఆయన పెద్ద జాడీలను వరుసగా గూర్చి, ఫిరంగుల వరుసకు జెప్పు 'బ్యాటరీ' యను మాటను వానికి బెట్టినవాడు. 1750 డిసెంబరు 23వ తేదీన, క్రిస్మసు పండుగకు రెండు దినములు ముందు, మిత్రుల యెదుట నొక టర్కీ కోడిని విద్యుత్తుతో జంపి చూపింపదలచెను. రెండు పెద్ద గాజు జాడీలను నింపెను. సామాన్యపు సీసాలు నలువదింటిలో బట్టునంత శక్తి వానియందుండెనట. చుట్టు నున్నవారు మాటలాడుచుండిరి. ఆయన దృష్టి మఱలెను. ఒక చేత జాడీల పైతీగలను, రెండవచేత వెలుపలి పొరకు దగిలించిన గొలుసును పట్టుకొనెను. మెఱుపు వచ్చెను, తుపాకి పేలినట్లు చప్పుడయ్యెనని చూచినవారు చెప్పిరి. ఆయనకు మాత్రము కనబడలేదు, వినబడలేదు. ఆపాదమస్తకము దెబ్బ తగిలి, ఒడలు వడవడ వణకి, తెలివి క్రమముగా వచ్చెను. రొమ్మెముక నొప్పి రెండు దినములకును పోలేదు. రెండు దినముల తరువాత వ్రాసిన జాబులో, ఒక మిత్రునికి హెచ్చరికగా నీ సంగతి తెలుపవచ్చునని యనుచునే, ఇంతటి ప్రమాదము చేసినందులకు దాను సిగ్గుపడుచుంటినని యొప్పుకొనెను. విద్యుత్తునందు ఆనాటి లోకమున నంతకు మించిన పండితుడు లేడు. తెలియకపోవుటవలన దెబ్బ తగులలేదు. మాటలలో బడి చేయి ఎచ్చట నున్నదో మఱచుటవలన దగిలెను.

అందఱును ఆయనవలె బ్రదుకలేదు. 1753 ఆగస్టు 6వ తేదీన రష్యా రాజధానియగు సెయింటు పీటర్సుబర్గులో రిఖ్మన్ అను ఆచార్యుడు, ఇంటికప్పుపైనుండి మెఱుపును దింపుకొని కొలుచుటకు గదిలో లోహపు గడ నమర్చెను. ఆ గడకు భూమితో సంబంధము లేదు. కొలత చూచుటకై వంగగా గడనుండి నిప్పుబంతివంటిది వెడలి నొసటిని దాకెను. అచ్చటనే ప్రాణము విడిచెను. ప్రక్కనున్న చిత్రకారుడు స్పృహ తప్పి పడినను బ్రదికెను. పోవుటకు భూమిలోనికి దారి లేనప్పుడు విద్యుత్తు మనుష్యునే దారిగా జేసికొనునని ఆ దినమున లోకమునకు దెలిసినది. నేడు మన ఇండ్ల ప్రక్కన గొయ్యి త్రవ్వి, ఉప్పు బొగ్గు వేసి పాతెడి ఎర్తు తీగకు వెనుక రిఖ్మన్ ప్రాణ మున్నది.

ఇక నూఱేండ్లు దాటి రండు. విద్యుత్తు వీధులలోనికి వచ్చినది. 1889 అక్టోబరు 11వ తేదీన న్యూయార్కు నగరములో జాన్ ఫీక్స్ అను లైనుమాను, మధ్యాహ్నవేళ స్తంభ మెక్కి టెలిగ్రాఫు తీగలలో బనిచేయుచుండెను. టెలిగ్రాఫు తీగలలో నుండునది స్వల్పశక్తి, ప్రాణభయము లేనిది. కాని కొన్ని వీధుల కావల ఒక హెచ్చుశక్తి దీపాల తీగ వీనిలో నొకదానిపై బడియుండెను. అతడు చేయి వేసినది చచ్చిన తీగయని నమ్మిన తీగపైననే. వేలకొలది జనము చూచుచుండగా అతని శరీరము సుమారు గంటసేపు తీగలలోనే చిక్కుకొని యుండెను. తరువాత ఆ నగరమున తీగలను భూమిలోపలికి దింపు పని ముమ్మరమైనది.

ఈ వృత్తాంతము మీకు క్రొత్త గాదు. మన యూళ్లలో ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు వేయబోయి చేయి కాలినవానిని, ప్రాణము పోయినవానిని ఎఱుగని పెద్ద యున్నాడా? లైనుమాను స్తంభ మెక్కుటకు ముందు సబ్‌స్టేషనునుండి 'ఎల్సీ' తీసికొనుననియు, అది చేతికి రాక యెక్కరాదనియు మీరెఱుగుదురు. ఒక చోట నాపిన విద్యుత్తు మఱియొక దారిని రావచ్చును. ఎదుటివాడు తెలియక మరల వదలవచ్చును. అందుచేతనే ఆపినవాడే మరల వదలువఱకు మీటకు తాళము, చీటి తగిలింపవలెనని 1989లో అమెరికా ప్రభుత్వము కర్మాగారములకు చట్టము చేసినది. మన యెల్సీకి అది యన్నదమ్ముడు.

ఇప్పుడు కంప్యూటరు వద్దకు వత్తును.

1946లో లోకమునకు జూపబడిన ఎనియాక్ అను గణనయంత్రము అమెరికాయందు ఫిలడెల్ఫియాలో నిర్మింపబడినది. బరువు 30 టన్నులు. లోపల సుమారు 18,000 వాల్వులు. అది త్రాగు విద్యుత్తు 150 కిలోవాట్లు. దీనిని ఆపుట ప్రాణభయముచేత గాదు, మఱియొక కారణముచేత కష్టమయ్యెను. వాల్వులు ఎక్కువగా మాడిపోవునది వేడెక్కునప్పుడును చల్లాఱునప్పుడును. కావున సాధ్యమైనంతవఱకు దాని నాపకుండనే యుంచిరి. ఇటువంటి వాల్వులనే మన తాతలనాటి రేడియోలలో జూచితిమి. నా చిన్నతనమున మా యూర రేడియో బాగుచేయువాడు, ప్లగ్గు తీసిన తరువాతగూడ, చెక్కపిడి గల స్క్రూడ్రైవరుతో లోపల నేదో తాకించి 'టప్' మను చప్పుడు వచ్చినగాని చేయి పెట్టెడివాడు గాడు. అది మంత్రమని మేమనుకొంటిమి. వాడు ఖాళీచేయుచుండినది లైడెన్ జాడీనే! గాజునకు బదులు సన్నని పొరలు, జాడీకి బదులు వ్రేలెడు డబ్బా, పేరు కెపాసిటరు. మీ పొలములలో మోటారు ప్రక్కన గట్టినదియు, ఇంటి ఫ్యానులో నున్నదియు నదియే.

1964లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రములకు, అపాయసమయమున లాగుటకై యొక ఎఱ్ఱని పిడి యుండెను. ఒకసారి లాగినచో యంత్రమంతయు నాగును. దానిని మరల లోనికి ద్రోయుటకు మరమ్మతు చేయువాడే రావలెను. ఆ కట్టడి నాకు మిక్కిలి నచ్చినది.

1981లో అదే సంస్థ ఇంటిబల్లపై బెట్టుకొను కంప్యూటరును విడుదల చేసినది. దాని ప్రక్కన పెద్ద ఎఱ్ఱని మీట యుండెను. క్రిందికి ద్రోసినచో గోడనుండి వచ్చు విద్యుత్తు అక్కడనే తెగును. ఠక్కుమని చప్పుడు వచ్చును. ఆ తరువాతి పెట్టెలలో మీట ముందువైపునకు వచ్చినది గాని, దానితో గోడ విద్యుత్తు తీగలును పెట్టె ముందుభాగమువఱకు వచ్చినవి. మూత విప్పినవాడు ఆ మీట వెనుక కొనలను ముట్టినచో 230 వోల్టుల దెబ్బ తప్పదు.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను క్రొత్త పద్ధతిని ప్రకటించినది. మా మనుమని పెట్టె లోని ఆకుపచ్చని దీపమునకు సమాధానము ఇచ్చటనే యున్నది. ఈ పద్ధతిలో ముందున్న బొత్తాము విద్యుత్తును తెంచదు. "నేను పండుకొనవచ్చునా?" యని లోపలి పలకకు జెప్పు చిన్న కబురు మాత్రమే యది. పలక ఆ కబురును విద్యుత్తునిచ్చు పెట్టెకు అందించును. అది పెద్ద ధారల నాపి, 5 వోల్టుల చిన్న ధారను మాత్రము ఎల్లప్పుడు వదలుచునే యుండును. మరల బొత్తాము నొక్కినప్పుడు మేల్కొనుటకు ఎవడో యొకడు మెలకువగా నుండవలెను గదా! ఇల్లంతయు నిద్రించినను వాకిట కావలివాడు మేల్కొనియుండినట్లు. ఆ 5 వోల్టులు మనుష్యుని జంపవు. కాని విప్పుచున్న మర యొకటి జాఱి పలకపై బడినను, ర్యామ్ పలకను ఆ స్థితిలో గ్రుచ్చినను, వేలరూపాయల సొమ్ము మాడిపోవును.

మనుష్యునికి అపాయము వేఱొకచోట గలదు. వెనుకవైపు మూలను, విసనకఱ్ఱ గల యినుపపెట్టె యొకటి యుండును. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు దానిలో మొదట నేకముఖధారగా మాఱి, సుమారు 325 వోల్టులతో పెద్ద కెపాసిటరును నింపును. 470 మైక్రోఫారడుల కెపాసిటరులో నిట్లు నిలుచు శక్తి సుమారు 25 జౌళ్లు; అనగా రెండున్నర కిలోల రాతిని మీటరెత్తు లేపుటకు జాలినది. చేతబట్టుకొను సామాన్యపు లైడెన్ జాడీలో ఒక జౌలయిన బట్టుట కష్టము. ముషెన్‌బ్రూకును భయపెట్టిన దానికి ఎన్నో రెట్లు, చెప్పులపెట్టెకన్న చిన్న డబ్బాలో! ప్లగ్గు తీసినంతమాత్రమున నది పోదు. ఖాళీయగుటకు లోపల నేర్పాట్లున్నను, అవి చెడియున్నచో చాలసేపు నిలుచును. కావున ఆ యినుపపెట్టెను మాత్రము విప్పరాదు. చెడినచో మార్పవలెనేగాని బాగుచేయబూనరాదు. పాత గాజుతెరల టీవీలును, కంప్యూటరు తెరలును ఇంతకన్న ఘోరము. వానిలో ఇరువదివేల వోల్టులకు మించి యుండును.

మన దేశమున నింకొక చిక్కు గలదు. గోడమీట యొక తీగనే తెంచును. తీగలు వేసినవాడు ఫేజును న్యూట్రలును దారుమాఱు చేసియున్నచో, మీట కట్టినను ఫేజు లోపలివఱకు వచ్చియే యుండును. మన యూళ్ల వైరింగు సంగతి మీకు జెప్పనేల? కనుక మీటను నమ్మక ప్లగ్గును పెఱుకవలెను. ప్లగ్గును గోడనుండి పెఱికినను చాలదు, నడుమ యూపీయస్ ఉన్నయెడల. కరెంటు పోయినప్పుడు తన బ్యాటరీనుండి 230 వోల్టులు పుట్టించుటయే దాని యుద్యోగము. గోడనుండి లాగినచో అది కరెంటు పోయినదనుకొని మఱింత శ్రద్ధగా బనిచేయును! ఫీక్స్ నమ్మిన చచ్చిన తీగ యిట్టిదే. అందుచేత కంప్యూటరు వెనుక గ్రుచ్చిన తీగనే పెట్టెవద్ద ఊడదీయవలెను. ఆ కొన మనచేతిలో, కంటియెదుట నుండగా సందేహమునకు దావు లేదు.

ఒక తమాషా గలదు. ఇంతవఱకు యంత్రమువలన మనుష్యునికి గీడు చెప్పితిని. మనుష్యునివలన యంత్రమునకును గీడు గలదు. గడ్డిపరకను లాగిన ఆ మణి శక్తియే మన యొంటియందును పుట్టును. పొడిగాలిలో, ఏసీ గదిలో, నూలు గాని బట్టలు కట్టి తివాచీపై నడచినచో ఒంటిపై వేల వోల్టులు చేరును. సుమారు 3,000 వోల్టులకు లోబడిన మెఱుపు మన చేతికి దెలియనే తెలియదు. అంతకన్న చాల తక్కువదానికే సన్నని చిప్పులు చచ్చును. అందుకే పని చేయువారు మణికట్టునకు నొక పట్టీ గట్టుకొని దానిని లోహమునకు దగిలింతురు. ఆ పట్టీలో పదిలక్షల ఓముల నిరోధ ముంచుట గొప్ప వివేకము. ఒంటిమీది విద్యుత్తు మెల్లగా జాఱిపోవును. పొరపాటున సజీవమైన తీగ తగిలినను ఆ పట్టీద్వారా ప్రాణాంతకమైన ధార పాఱదు. ఎర్తు సంబంధము పోవునని కొందఱు ప్లగ్గు నుంచియే పనిచేయుమని చెప్పుచుందురు. నాకది సమ్మతము గాదు. చిప్పు చచ్చినచో మఱియొకటి కొనవచ్చును.

ఇదంతయు దెలిసిన పిదప, దసరా సెలవులకు వాడు మరల వచ్చినప్పుడు, ఆ పలకపని మిగిలియే యుండెను. అంతవఱకు దానిని ముట్టవద్దని నేనే జాబు వ్రాసియుంటిని. ఈ పర్యాయము నేను బల్లయొద్ద కుర్చీ వేసికొని కూర్చుంటిని. వాడు ముందుగా కంప్యూటరు చేయుచున్న పనులు ముగించి, వ్రాయవలసినది డిస్కుపై వ్రాసికొనునట్లు ఆజ్ఞయిచ్చి పండుకొనబెట్టెను. వెనుకనున్న చిన్నమీటను సున్నగుర్తువైపు ద్రోసెను. తీగ నూడదీసి బల్లపై నా యెదుట బెట్టెను. తెర తీగ, తక్కిన తీగలన్నియు దీసెను. "నెట్ తీగ ఉంచవచ్చా తాతయ్యా?" యనగా, "అదీ తీసేయరా" అంటిని. తరువాత ముందు బొత్తామును కొన్ని క్షణములు నొక్కిపట్టుమంటిని. "తీగే లేదు గదా, ఎందుకు?" అని నవ్వుచునే నొక్కెను.

లోపలి విసనకఱ్ఱ ఒక్కమాఱు ఉలికిపడినట్లు కదలి, అఱచుట్టు దిరిగి నిలిచిపోయెను. వాని నవ్వు ఆగెను. ఆకుపచ్చని దీపము మెల్లగా కొండెక్కెను. గోడగడియారము చూచి పదినిమిషములు ఆగితిమి. ఈలోగా మా యింటిది మజ్జిగ తెచ్చియిచ్చెను. వాడు పెట్టెయొక్క రంగు లేని యినుపభాగమును అరచేతితో ముట్టి, పలకను రెండుకొనలయందు పట్టుకొని, గాడిలో నుంచి నొక్కెను. రెండు చిటికెల చప్పుడు వినవచ్చెను.